తోపు కూలిన మర్నాడు

అర్చన జీపు పెనుగొలను దాటి పత్తిచేల మధ్య మట్టిరోడ్డు మీదికి మళ్లింది. తిరువూరులో కిరాణా హోల్‌సేల్ కొట్టు నడిపే చంద్రశేఖరం గారి కూతురు ఆమె. ఇంట్లో అందరూ బ్యాంకు ఉద్యోగం చూసుకోమంటే వినకుండా అటవీ శాఖలో చేరింది. రేంజి ఆఫీసరుగా సొంత ప్రాంతానికే వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు.

ఇప్పుడు ఆమె ఒక మనిషిని అరెస్టు చేయడానికి వెళ్తోంది. ఆ మనిషి వేటగాడు కాదు, కలప దొంగ కాదు. తన చింతతోపులో గూళ్లు కట్టుకునే గూడబాతుల మీద ముప్ఫై ఏళ్లుగా ఎవరినీ రాయి విసరనివ్వని వీరరాఘవయ్య. ఆయనే నిన్న విస్సన్నపేట నుంచి రంపం మిషన్లు తెప్పించి, గూళ్లలో పిల్లలుండగానే తోపు మొత్తం నేలకూల్చాడు. ఎందుకలా చేశాడని ఫోనులో ఎవరిని అడిగినా, "మీరే వచ్చి చూడండి మేడం" అన్నారు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. పై ఆఫీసరు కృపానందం గారు మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి రెండు మాటలు చెప్పారు. ఒకటి, నిందితుణ్ణి సాయంత్రంలోగా తిరువూరు కోర్టులో పెట్టాలి. రెండోది, ఆ తోపులో పక్షులున్న సంగతి శాఖకు ముందు తెలియదని రిపోర్టులో రాయాలి.

రెండో మాట ఎందుకో ఆమె అడగలేదు. కృపానందం గారు ఆమెకు ఉద్యోగం నేర్పిన మనిషి. అడగాలన్న ఆలోచనే రాలేదు.

తోపు కంటే ముందు వాసన ఎదురొచ్చింది. పక్షులున్న చోట ఎప్పుడూ ఉండే చేపల నీచు వాసనకు పచ్చి చింతకర్ర పులుపు వాసన కలిసింది. అర్చన జీపు దిగి నడిచింది. చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. మొదళ్ల దగ్గర కర్ర ఇంకా తడిగా, ఎర్రగా ఉంది. నుజ్జయిన గూళ్ల పుల్లలు, సున్నం చల్లినట్టు తెల్లటి రెట్టలు, విరిగిన రెమ్మల కింద కదలని పిల్లలు. కొన్నిటికి ఇంకా ఈకలే మొలవలేదు.

ఆమె తల ఎత్తింది. పెద్ద పక్షులు పైన తిరుగుతున్నాయి. ఎక్కడెక్కడి చెరువుల నుంచో ముక్కు కింది సంచుల్లో చేపలు నింపుకుని వచ్చాయి. దిగడానికి కొమ్మ లేదు. ఒక పక్షి తెగించి ఒక మొద్దు మీద వాలింది. ముక్కు బార్లా తెరిచి కాసేపు అలాగే ఉండిపోయింది. పిల్ల వచ్చి సంచిలో తల పెడుతుందని కాబోలు. ఎవరూ రాలేదు. బరువుగా రెక్కలు కొట్టుకుంటూ లేచి మళ్లీ తిరిగే వాటిలో కలిసిపోయింది.

అర్చన కళ్లు తుడుచుకోలేదు. పక్కన మనుషులున్నారు.

"మా పిల్ల కోసం చేశారమ్మా." పక్కన నిలబడ్డ మనిషి అన్నాడు. ఆయన పేరు ఐజాక్. వీరరాఘవయ్య పొలం పనులన్నీ చూసేది ఆయనే. తోపు పక్కనే ఇల్లు. "నేను కొట్టమన్లేదు. దేవుడి తోడు, అనలేదు. వద్దని చేతులు కూడా పట్టుకున్నా. మా షైనికి ఇంకా ఈ సంగతి చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలీక."

"షైనికి ఏమైంది?"

ఐజాక్, వీరరాఘవయ్య ఇంటి వైపు చెయ్యి చూపించి, "పెద్దాయన చెప్తారు" అన్నాడు.

పశువుల పాకలో గేదెల్ని బయటికి తోలేసి, వరిగడ్డి పరిచి ఉంది. గడ్డి మీద బతికిన పిల్లలు ముడుచుకుని పడుకున్నాయి. వీరరాఘవయ్య భార్య సుబ్బాయమ్మ వాటి మధ్యలో చతికిలబడి చిన్న చిన్న చేపల్ని నీళ్లలో తడిపి ఒక్కో పిల్ల నోట్లో పెడుతోంది. సగం పిల్లలు మింగుతున్నాయి, సగం కక్కేస్తున్నాయి. కక్కిన చేపను మళ్లీ కడిగి మళ్లీ పెడుతోంది. అర్చన వచ్చినట్టు చూసింది కానీ చేతులు ఆపలేదు.

వీరరాఘవయ్య అరుగు మీద ఉన్నాడు. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, పక్కన చిన్న చేతిసంచి. పెళ్లికి బయల్దేరే మనిషిలా తయారై కూర్చున్నాడు.

"తాతగారూ, నేను రేంజి ఆఫీసర్ని. అర్చన అంటారు."

"తెలుసమ్మా. చంద్రశేఖరం గారి అమ్మాయివి. ఏటా మా చింతపండు మీ కొట్టుకే వేసేవాళ్లం. ఈ ఏడు ఇంక లేదులే." ఆయన సంచి అందుకున్నాడు. "పద, వెళ్దాం. చేసింది నేనే. మిషన్లవాళ్లకి ఏం తెలీదు. ఐజాక్‌కీ ఏం సంబంధం లేదు."

"కూర్చోండి. ముందు నాకు చెప్పండి. ఎందుకు చేశారు?"

"చెబితే కేసు మారుద్దా?"

"మారదు."

"మరెందుకు?"

అర్చన అరుగు మీద ఆయన పక్కన కూర్చుంది. యూనిఫారంలో ఉన్న మనిషి పక్కన కూర్చోవడం ఆయన ఊహించలేదేమో, కాస్త జరిగి చోటిచ్చాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

"చివరి చెట్టు కింద స్కూలు ఆటో ఆగుద్దమ్మా. పిల్లలంతా అక్కడే నిలబడతారు. పోయిన నెల, పొద్దున పూట, గాలి లేదు వాన లేదు, నిలబడ్డ కొమ్మ నిలబడ్డట్టే విరిగి ఐజాక్ కూతురి మీద పడింది. లోపలంతా పుచ్చిపోయింది. పైన ఎన్నేళ్ల గూళ్ల బరువో. విజయవాడ ఆస్పత్రిలో ఉందా పిల్ల. కాలు ఉంచుతారో తీస్తారో డాక్టర్లు ఇవాళ్టికీ తేల్చలేదు. పరుగుపందేల్లో కప్పులు తెచ్చుకున్న పిల్ల."

"ఎండిన కొమ్మలు ముందే తీయించాల్సింది కదండీ. వానాకాలంలో పక్షులుండవు కదా."

వీరరాఘవయ్య ఆమె వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అర్చనకి.

"అదే అడిగానమ్మా. ఏటా మీ ఆఫీసుకొచ్చి అడిగా. ఎండినవి తీయిస్తానయ్యా అంటే, ఒక్క రెమ్మ ముట్టుకున్నా కేసు పెడతాం, అవి గవర్నమెంటు కాపాడే పక్షులు, అన్నారు. మంచిదే, నేను ముట్టుకోను, మీరే వచ్చి తీయించండి అన్నా. చూస్తాం అన్నారు. ఆటోస్టాండుకి వేరే చోటు చూపించండి అన్నా. చూస్తాం అన్నారు. రెట్టలతో బావినీళ్లు పాడవుతున్నాయి, ఊళ్లో జనం నన్ను తిడుతున్నారు, ఒక మంచినీళ్ల ట్యాంకు కట్టిస్తే నాలుగు కాలాలపాటు ఈ పక్షుల్ని వాళ్లే కాచుకుంటారు అన్నా. దానికీ చూస్తామనే. నేను ముట్టుకుంటే కేసన్నారు, ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సినోళ్లు ముట్టుకోకపోతే మరి చట్టం ఏమంటుందమ్మా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

అర్చనకు ఆ జవాబు తెలుసు. పరీక్షల కోసం బట్టీ పట్టింది కూడా. గూడు చెదరగొట్టినా, గుడ్డు పగలగొట్టినా వేటాడినట్టే లెక్క. ఆ మాట పక్కనే ఇంకో మాట కూడా ఉంది, వాటిని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదని. మొదటి మాట కోసం జీపులున్నాయి, బేడీలున్నాయి, కోర్టు ఉంది. రెండో మాట కోసం ఎవరూ ఎవర్నీ పట్టుకుని కోర్టుకి తీసుకెళ్లగా ఆమె ఇంతవరకూ చూడలేదు.

"పిల్లలు ఎగిరేదాకా అయినా ఆగాల్సింది," అంది చివరికి. అనకూడదని తెలిసే అంది.

"ఆగాల్సింది." ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "ఇంకో నెల ఆగితే అన్నీ ఎగిరిపోయేవి. నాకు తెలీదా? మొన్న ఆస్పత్రి నుంచి వచ్చా. ఆ చెట్టు కిందే ఐజాక్ చిన్నపిల్ల బంతి ఆడుకుంటోంది. పైన ఇంకో కొమ్మ కిర్రుమంది. ఏం లేదమ్మా, కోపం వచ్చింది. పక్షుల మీద కాదు. ఎవరి మీద వచ్చిందో వాళ్లు నా చేతికి దొరకరు. ఇవి దొరికాయి."

పాకలోంచి సుబ్బాయమ్మ గొంతు వినిపించింది. మొగుడితో కాదు, అర్చనతో మాట్లాడుతోంది.

"అమ్మాయ్, నిన్నటి నుంచి నేను ఆయన మొహం చూళ్లేదు. చూడను కూడా. కానీ తప్పంతా ఆయన నెత్తిన పెట్టి తీసుకెళ్లమాక. ఆ కృపానందం అబ్బాయి ఆనాడు మా ఇంటికొచ్చి ఆ మాట ఇవ్వకపోతే మేం ఊరందరితో ఇన్నేళ్లు తగువు పడేవాళ్లమా?"

అర్చన లేచి నిలబడింది. "ఏ కృపానందం గారు?"

"ఎంతమంది ఉన్నారమ్మా మీ ఆఫీసులో ఆ పేరుతో? అప్పుడు నీలాగే కొత్తగా వచ్చాడు. చిన్నవాడు. బైనాక్యులర్ మెళ్లో వేసుకుని రోజంతా తోపులోనే. తిండి కూడా గుర్తుండేది కాదు. నేనే పిలిచి మా వంటింట్లో పీట వేసి అన్నం పెట్టేదాన్ని. మాలపల్లె అబ్బాయిని వంటింట్లోకి రానిచ్చిందని మా వాళ్లే ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. పోనీ అనుకున్నా. అమ్మా, ఈ తోపుని గవర్నమెంటు తీసుకుంటుంది, కంచె వేస్తుంది, కాపలా పెడుతుంది, మీరు నాలుగేళ్లు ఓపిక పట్టండి అన్నాడు. పట్టాం. నాలుగేళ్లు అయ్యాయి, ముప్ఫై అయ్యాయి."

వీరరాఘవయ్య విసుక్కున్నాడు. "ఇప్పుడా పేరెందుకు? కొట్టించింది నేను."

అంతలో బయట వాహనం ఆగిన చప్పుడు. పక్షిపిల్లల్ని సంరక్షణకు తీసుకెళ్లడానికి తను పిలిపించిన వ్యాను బుట్టలతో వచ్చిందనుకుంది అర్చన. వ్యాను వచ్చింది, దాని వెనకే తెల్లకారు. కారులోంచి కృపానందం దిగాడు.

ఈ ఉద్యోగంలో ఇంక కొద్ది నెలలే మిగిలిన మనిషి. జుట్టంతా నెరిసింది. నేల మీదున్న తోపును ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. తర్వాత ఇంటి వైపు నడిచి గుమ్మం బయటే ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

సుబ్బాయమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ పాకలోంచి వచ్చింది.

"బయట నిలబడ్డావేం అబ్బాయ్? ఈ ఇల్లు నీకు కొత్తా?"

"రాశానమ్మా." కృపానందం అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. "పైకి రాశాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను. అంతలో బదిలీ అయింది. తర్వాత వచ్చినవాళ్లు చూసుకుంటారనుకున్నా. వాళ్లు నేను చూసుకున్నాననుకున్నారు కాబోలు."

"పెద్ద ఆఫీసరువై మళ్లీ ఈ పక్కకే వచ్చావటగా. వచ్చి రెండేళ్లట. ఒక్కపూట అన్నానికైనా రాలేదేం?"

ఆయన టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. "మొహం చెల్లలేదమ్మా."

"నువ్వొచ్చి కసిరినా బాగుండేది. ఎవరో ఒకరు మా మాట విన్నారనుకునేవాళ్లం."

వీరరాఘవయ్య అరుగు దిగి, కృపానందం పక్క నుంచే నడిచి, ఆయన వైపు చూడకుండా వెళ్లి జీపులో కూర్చున్నాడు. "పొద్దెక్కుతోందమ్మా. పద," అన్నాడు అర్చనతో.

బతికిన పిల్లల్ని బుట్టల్లో సర్ది వ్యాను ఎక్కించేసరికి మధ్యాహ్నం అయింది. ఆలోపు అర్చన అరుగు మీదే కూర్చుని రిపోర్టు రాసింది. సుబ్బాయమ్మ ఒక్కో బుట్ట మీద తడిగుడ్డ కప్పి, డ్రైవరుకు పదే పదే చెప్పింది, గతుకుల్లో నెమ్మదిగా పొమ్మని. వ్యాను కదిలాక కూడా పైన తిరిగే పక్షులు దాని వెంట వెళ్లలేదు. వాటికి తెలిసిన చోటు ఇదొక్కటే. ఇక్కడే తిరుగుతూ ఉండిపోయాయి.

తిరువూరు దారిలో వీరరాఘవయ్యను జీపులో ముందు పంపి, అర్చన కృపానందం కారులో ఎక్కింది. కారు గంపలగూడెం దాటింది. షేర్ ఆటోలు, పత్తి బోరేల ట్రాక్టర్లు దాటిపోతున్నాయి.

"రిపోర్టు రాశావా?" అడిగాడాయన.

"రాశాను సార్. మీరు చెప్పిన మాట రాయలేదు."

"మరేం రాశావు?"

"ఆ సంగతి అసలు ఎత్తలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "తెలుసని ఒప్పుకుంటే అది నాతో ఆగదమ్మా. నా తర్వాత వచ్చినవాళ్లు, నా పైన కూర్చున్నవాళ్లు, మొత్తం ప్రభుత్వమే సమాధానం చెప్పాల్సొస్తుంది. అందుకే వద్దన్నా. నా పెన్షను కూడా గుర్తొచ్చింది. రాలేదంటే అబద్ధమవుతుంది."

"చెప్పాల్సొస్తే చెప్పనివ్వండి సార్."

"నీ వయసులో నేనూ ఇలాగే మాట్లాడా. ఆ అరుగు మీదే కూర్చుని మాట్లాడా." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను అబద్ధం చెప్పలేదు అర్చనా. ఆ రోజు చెప్పిందంతా నిజంగా నమ్మే చెప్పా. అదే బాధ."

అర్చనకు ఆయన్ని ఓదార్చాలనిపించింది. ఓదార్చడానికి మనసు ఒప్పుకోలేదు. నేల మీద పడున్న ఆ ఈకలు మొలవని పిల్లలు కళ్లలో మెదిలాయి. కారు ఊళ్లోకి వచ్చి, బస్టాండు రద్దీ దాటి, కోర్టు ఆవరణలో ఆగింది.

కోర్టులో ఆ సాయంత్రం జనం పలచగా ఉన్నారు. భూతగాదాల వాళ్లు కొందరు, చిన్న కేసుల లాయర్లు ఇద్దరు ముగ్గురు. ఐజాక్ మోటారుసైకిలు మీద సుబ్బాయమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

మేజిస్ట్రేట్ కాగితాలు తిరగేసి వీరరాఘవయ్య వైపు చూశారు. "లాయర్ని పెట్టుకున్నారా?"

"అక్కర్లేదండి. నేనే చేయించా."

"చట్టరీత్యా అది నేరమని తెలుసా?"

"తెలుసండి. చట్టం సంగతి వదిలేయండి, పాపమని కూడా తెలుసు."

మేజిస్ట్రేట్ అర్చన వైపు తిరిగారు. "మేడం, ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఈ పక్షులు గూళ్లు కడుతున్నాయని మీరే రాశారు. మరి ఇన్నేళ్లు మీ శాఖ ఏం చేసింది? అక్కడ పక్షులున్నాయని మీకు ముందు తెలుసా, తెలీదా? ఒక్క ముక్క కూడా రాయలేదేంటి?"

అర్చన నోరు తెరిచేలోగా వెనక బెంచీ కిర్రుమంది. కృపానందం లేచి నిలబడ్డాడు.

"తెలుసండి. మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా నాకు తెలుసు. కాపాడతామని ఈయనకి మాట ఇచ్చింది నేనే. కొమ్మ ముట్టుకోవద్దన్నది మా శాఖే. ఆ కొమ్మే విరిగి ఒక పిల్ల మీద పడింది. బోనులో నిలబడాల్సింది ఈయనొక్కడే కాదండి."

రాసుకుంటున్న గుమస్తా పెన్ను ఆపాడు. మేజిస్ట్రేట్ ముందుకు వంగారు.

"అబద్ధమండి," అన్నాడు వీరరాఘవయ్య.

అందరూ అటు తిరిగారు. బోనులో ఆ ముసలాయన నిటారుగా నిలబడ్డాడు. కృపానందం వైపు చూశాడు. పొద్దుట్నుంచి ఆయన అటు చూడడం అదే మొదటిసారి.

"ఈయనెవరో నాకు తెలీదు. మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మాకు మాటా ఇవ్వలేదు. తోపు సంగతి గవర్నమెంటుకి తెలిస్తే నా భూమి లాక్కుంటారని నేనే దాచా. ఎవర్నీ ఏమీ అడగలేదు. నాకు వేసే శిక్ష నాకు వేయండి."

కృపానందం చెంపదెబ్బ తిన్నవాడిలా బెంచీ మీద కూలబడ్డాడు. అది తనను కాపాడడానికి చెప్పిన మాటో, తను అన్నం తిన్న ఇంటి నుంచి శాశ్వతంగా వెళ్లగొట్టడానికి చెప్పిన మాటో ఆయనకు అర్థం కాలేదు. అర్చనకూ అర్థం కాలేదు. ఒకటి మాత్రం తెలిసింది. ఆ మాట అలాగే రికార్డుకెక్కితే ఈ కేసు ఒక ముసలివాడి నేరంగా ముగిసిపోతుంది. పుచ్చిన కొమ్మ సంగతి ఎవరూ అడగరు. ఆస్పత్రిలో పిల్ల కాలు సంగతి ఎవరూ అడగరు. మిగిలిన తోపులు, మిగిలిన పక్షులు ఇలాగే ఇంకో ముసలివాడి ఓపిక మీద బతకాలి.

"మేడం," అన్నారు మేజిస్ట్రేట్. "పొద్దుట్నుంచి వీళ్లిద్దరితో ఉన్నది మీరు. వీళ్లలో ఎవరు నిజం చెబుతున్నారు?"

అర్చన లేచింది. ఒక పక్క ఆమెకు పని నేర్పిన మనిషి, ఇంకో పక్క ఆమె అరెస్టు చేసి తెచ్చిన మనిషి. ఇద్దరూ ఆమె వైపు చూడడం లేదు.

గుమ్మం దగ్గర సుబ్బాయమ్మ కదిలింది. నిన్నటి నుంచి మొగుడి మొహం చూడనన్న మనిషి ఇప్పుడు రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది. అది కోర్టన్న సంగతి కూడా మరిచిపోయినట్టు పైకే అంది.

"చెప్పు తల్లీ."

నిజం చెప్పమంటోందో, మొగుడి మాట నిలబెట్టమంటోందో అర్చనకు తెలియలేదు.